బెల్లమే కదా అని రెండో గిన్నె

ప్రశ్న: మా అత్తయ్య కార్తీక సోమవారాలు, ఏకాదశులు వదలరు. వయసు 63. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది, రోజూ మాత్రలు వేసుకుంటారు. ఉపవాసం రోజు సాయంత్రం నేను సగ్గుబియ్యం పాయసం చేస్తాను. పంచదార మంచిది కాదని ఈ మధ్య బెల్లంతో చేస్తుంటే రెండుసార్లు పాలు విరిగిపోయాయి. విరగని రోజున ఆవిడ "బెల్లమే కదా" అని రెండో గిన్నె కూడా తింటారు, అరగంటలో సోఫాలోనే నిద్రపోతారు. ఫోన్‌లో చూస్తే ఒకరు ఖర్జూరం అంటారు, ఒకరు తేనె అంటారు, ఇంకొకరు పటికబెల్లం అంటారు. ధాన్యం, పంచదార లేకుండా ఆవిడ తినగలిగే తీపి ఒకటి చెప్పండి. మా పాపకి తొమ్మిది నెలలు. దానికీ ఓ చెంచా పెట్టొచ్చా?

సమాధానం: ముందు ఆ "బెల్లమే కదా" దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మీ ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది. వంద గ్రాముల పంచదారలో సుమారు 400 క్యాలరీలుంటే, వంద గ్రాముల బెల్లంలో 380 దాకా ఉంటాయి. రెండిట్లోనూ ప్రధానంగా ఉండేది ఒకే చక్కెర. బెల్లంలో కాస్త ఇనుము, ఇతర ఖనిజాలు ఉంటాయన్నది నిజమే. కానీ పాయసంలో వేసుకునే బెల్లంతో ఒంటికి చేరే ఇనుము కొంచెమే, చక్కెర మాత్రం బోలెడు. తాటిబెల్లం, తేనె కూడా ఈ లెక్కలో దగ్గరి చుట్టాలే. బెల్లం రుచి నాకు ప్రాణం. అరిసెల్లో పంచదార వేస్తే నేను ముట్టను. అది రుచి సంగతి. షుగర్ ఉన్న మనిషికి బెల్లం పేరు చెప్పి రెండో గిన్నె పెట్టడం మాత్రం కుదరదు.

పటికబెల్లం గురించి మీకు చెప్పినవాళ్లెవరో గానీ, పేరు చూసి మోసపోయారు. పేరులో బెల్లం ఉన్నా అది చిక్కటి పంచదార పాకంలోంచి గట్టిపడిన స్ఫటికమే. గుడిలో ప్రసాదంగా నాలుగు పలుకులు నోట్లో వేసుకోవడానికి బాగుంటుంది. పంచదార మానేసి పటికబెల్లం వాడటమంటే కుడిచేతిలోది ఎడమచేతిలోకి మార్చుకోవడమే.

ఇక సగ్గుబియ్యం. పేరులో బియ్యం ఉన్నా అది బియ్యం కాదు, కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిపదార్థం. అందుకే ఉపవాసానికి పనికొచ్చింది. కానీ అందులో పీచు, మాంసకృత్తులు లేవన్నంత తక్కువ. పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న కడుపులోకి ఉత్త పిండిపదార్థం, దాని మీద బెల్లం, అదీ రెండు గిన్నెలు పడితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా లేస్తుంది. ఆవిడ సోఫాలో నిద్రపోవడం ఒక్క ఉపవాసం అలసట వల్లే అనుకోకండి. గ్లూకోమీటర్ ఉంటే వచ్చే ఉపవాసం రోజు తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. నేను చెప్పేదానికంటే ఆ రెండు అంకెలు చెబితేనే ఆవిడ వింటారు.

సగ్గుబియ్యం బదులు చిలగడదుంప తీసుకోండి. తెలంగాణలో మోరంగడ్డ, రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు. శివరాత్రి ముందు బజారులో కుప్పలు పోసి అమ్మేది ఇదే కాబట్టి ఉపవాసానికి పనికొస్తుందా అనే పేచీ మీ ఇంట్లో రాదనుకుంటాను. నేను దీన్ని ఎంచుకున్నది మాత్రం ఇంకో కారణంతో. దీని తీపి దీనిలోనే ఉంది, మనం బయటి నుంచి పోయాల్సింది తక్కువ.

ఎప్పుడైనా ఒక దుంపని తొక్కతోనే మూకుట్లో పెట్టి, మూతవేసి, సిమ్‌లో ముప్పావుగంట వదిలేసి చూడండి. మధ్యమధ్యలో తిప్పుతుంటే చాలు. తొక్క మీద ఎక్కడో చిన్న పగులు వస్తుంది. అందులోంచి సన్నటి జిగురు ఊరి, బొట్టు కట్టి, నెమ్మదిగా నల్లబడుతుంది. వేలితో తీసి నాకితే కారమెల్ రుచి. ఆ చక్కెర ఎవరూ వేసింది కాదు. దుంపలో ఉండే ఒక ఎంజైమ్ సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడిలో పిండిని విరగ్గొట్టి మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి నెమ్మదిగా ఎక్కితే దానికి పని చేసుకునే టైమ్ దొరుకుతుంది. కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ వేయిస్తే పని మొదలుపెట్టేలోపే అది చచ్చిపోతుంది. నిప్పుల్లో కాల్చిన గెనుసుగడ్డకి కుక్కర్ గడ్డ సాటిరాకపోవడానికి సగం కారణం ఇదే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ తీపీ చక్కెరే. కాల్చిన దుంప, ఉడికించిన దుంప కంటే వేగంగా రక్తంలో చక్కెర పెంచుతుంది. కాబట్టి మీకు, మీ వారికి కాల్చిన దుంపతో చేసుకోండి. అత్తయ్యగారి కోసం మాత్రం ఉడికించిందే మేలు. తీపి కాస్త తగ్గుతుంది, ఆ లోటు ఖర్జూరం పూడుస్తుంది.

నలుగురికి కొలత చెబుతాను. చిలగడదుంపలు పావుకిలో, అంటే మధ్యరకం రెండు. పాలు అరలీటరు. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు ఆరు. ఫూల్ మఖానా పెద్ద గుప్పెడు, తూకం వేస్తే 20 గ్రాములు కూడా ఉండదు. నెయ్యి ఒక చెంచా, బాదం పది, యాలకులు మూడు. కుంకుమపువ్వు ఉంటే రెండు పోగులు, లేకపోతే లేదు.

దుంపల్ని మట్టి పోయేలా కడిగి తొక్కతోనే చన్నీళ్లలో వేసి స్టవ్ మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేయొద్దు. చన్నీళ్ల నుంచి మొదలైతే వేడి మెల్లగా ఎక్కుతుంది, ఇందాక చెప్పిన ఎంజైమ్‌కి కొంచెమైనా అవకాశం ఉంటుంది. తొక్క ఉంటే తీపి నీళ్లలోకి పోదు. చాకు మొన గుచ్చితే దిగాలి గానీ దుంప విడిపోకూడదు. చల్లారాక తొక్క తీసి, ఒకదాన్ని పప్పుగుత్తితో మెదపండి, రెండోదాన్ని వేలిగోరంత ముక్కలు కోయండి. మొత్తం మెత్తగా మెదిపేస్తే పాయసం చిక్కగా అందంగా వస్తుంది, నిజమే. కానీ ముక్కలుంటే నమలాలి. నమిలి తినేది నెమ్మదిగా తింటాం, నెమ్మదిగా అరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ల గిన్నెలో ఇలాంటి చిన్న చిన్న ఆలస్యాలే కావాలి.

మఖానాని నెయ్యిలో సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు వేయించండి. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కితే ఫటుక్కున పొడి కావాలి. నొక్కుకుపోయి మళ్లీ లేస్తే ఇంకా వేగలేదన్నమాట. సగం నలిపి పాలల్లో వేయండి, పాయసానికి చిక్కదనం వస్తుంది. మిగతా సగం వడ్డించేటప్పుడు పైన వేసుకోండి. మనం తామరగింజలు అంటాం గానీ ఇవి తామరవి కావు. కలువ కుటుంబానికి చెందిన, ముళ్లాకుల నీటి మొక్క గింజల్ని వేయించి పేలిస్తే వచ్చేవి. ఎక్కువగా బీహార్ చెరువుల నుంచి వస్తాయి, మిథిలా మఖానాకి 2022లో జీఐ, అంటే ఆ ప్రాంతానికి చెందిన సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. ఈ మధ్య వీటికి లేనిపోని గొప్పలు అంటగడుతున్నారు. సగ్గుబియ్యం కంటే మాంసకృత్తులు నయం, వందకి తొమ్మిది పది గ్రాములుంటాయి. మిగిలిందంతా దాదాపు పిండిపదార్థమే. తేలిగ్గా ఉంటాయి కాబట్టి గుప్పెడుతో గిన్నె నిండినట్టు కనిపిస్తుంది, నాకు నచ్చే సుగుణం అదే.

పాలు మరిగించి, సన్నసెగ మీద పది నిమిషాలు మీగడ కలుపుతూ ఉంచండి. నలిపిన మఖానా, మెదిపిన దుంప వేసి అడుగంటకుండా ఇంకో అయిదు నిమిషాలు తిప్పండి. ముక్కలు, యాలకుల పొడి వేసి స్టవ్ కట్టేయండి. ఖర్జూరాల్ని ముందే ఓ పావుకప్పు గోరువెచ్చని పాలల్లో అరగంట నానబెట్టి, ఆ పాలతోనే మిక్సీలో మెత్తగా రుబ్బి పెట్టుకోవాలి. స్టవ్ కట్టేశాక వెంటనే వేయకండి. గిన్నె అంచు మీద వేలు పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాక ఆ ముద్ద కలపండి. బాదం తరిగి పైన వేయండి.

మీ పాలు ఎందుకు విరిగాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బెల్లంలో కొద్దిగా పులుపు గుణం ఉంటుంది, లవణాలు ఉంటాయి. పాతబడిన బెల్లంలో ఆ పులుపు ఇంకా ఎక్కువ. మరుగుతున్న పాలు ఆ కొంచెం పులుపుని కూడా తట్టుకోలేవు, చల్లారిన పాలు తట్టుకుంటాయి. ఖర్జూరం విషయంలోనూ ఇదే జాగ్రత్త. నేను మొదటిసారి చేసినప్పుడు తెలివిగా ఖర్జూరం ముద్దని మరిగే పాలల్లోనే వేశాను, అదీ చుట్టాలు వచ్చిన రోజు. చూస్తుండగానే తెల్లటి పాలు గోధుమరంగు నీళ్లు, పలుకులుగా విడిపోయాయి. అవే ఇంకో ఇరవై నిమిషాలు దగ్గరపడేదాకా తిప్పి, పళ్లెంలో సర్ది, కలాకండ్ అని పేరు పెట్టి వడ్డించాను. కలాకండ్ కూడా విరగ్గొట్టిన పాలతోనే చేస్తారు కాబట్టి నేను ఆడింది పూర్తి అబద్ధం కాదు. మీరు ఎప్పుడైనా బెల్లంతోనే చేయదలిస్తే, కాసిని నీళ్లలో కరిగించి, ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, ఆ పాకమూ పాయసమూ రెండూ చల్లారాకే కలపండి.

ఇప్పుడు అసలు లెక్క. పైన చెప్పిన కొలతతో నాలుగు గిన్నెలు వస్తే, గిన్నెకి ఖర్జూరం ఒకటిన్నర పడుతుంది. దుంప, పాలు, మఖానా, ఖర్జూరం అన్నీ కలిపితే ఒక్కో గిన్నెలో పిండిపదార్థాలు, చక్కెరలు సుమారు 30 గ్రాములు. ఒకటిన్నర పుల్కాలో ఉండేంత. అదే వంద గ్రాముల సగ్గుబియ్యం, నూటయాభై గ్రాముల బెల్లం, అరలీటరు పాలతో చేసిన పాయసాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 60 గ్రాములు దాటుతుంది. రెండో గిన్నెతో 120. మీ అత్తయ్య తిన్నది పాయసం కాదు, ఆరు పుల్కాల లెక్క.

కాబట్టి ఈ కొత్త పాయసాన్ని కూడా "షుగర్ వాళ్లు ఎంతైనా తినొచ్చు" అని ఎవరికీ చెప్పకండి. ఆవిడకి ఒక్క గిన్నె, అదీ భోజనం మీద అదనంగా కాదు. ఆ పూట తినబోయే దాంట్లో ఒకటిన్నర పుల్కాలు తగ్గించి, ఆ చోటులో. దీన్నే మొదటి ముద్దగా పెట్టకండి. కార్తీక సోమవారం నక్షత్రాలు కనిపించి, దీపం పెట్టుకున్నాక ముందు మంచినీళ్లు, తర్వాత కాసిని నానబెట్టిన బాదమో, మజ్జిగో, మీ ఆచారం ఒప్పుకుంటే ఏదైనా కూరగాయో కడుపులో పడ్డాక, చివర్లో పాయసం. క్రమం మారిస్తే చక్కెర ఒక్కసారిగా లేవకుండా కాస్త నెమ్మదిస్తుంది.

మాత్రల సంగతి మీరు ఒక్క మాటతో దాటేశారు గానీ, నాకు పాయసం కంటే అదే టెన్షన్‌గా ఉంది. పగలంతా తినకుండా మాత్ర మాత్రం వేసుకుంటే, కొన్ని రకాల మందులతో చక్కెర బాగా పడిపోయే ప్రమాదం ఉంది. గ్లిమెపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ ఆ కోవలోవే. ఉపవాసం రోజు ఏ మాత్ర మానాలి, ఏది సగం వేసుకోవాలి, ఏ వేళకి మార్చాలి అన్నది కార్తీకం మొదలవకముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. సొంతంగా మానేయొద్దు, మానకుండా పస్తూ ఉండొద్దు. మధ్యాహ్నం చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా మీటర్ పెట్టి చూడండి. 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ముగిసినట్టే. మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఆ క్షణంలో ఈ పాయసం పనికిరాదు. పాలు, నెయ్యి, బాదం కలిసి చక్కెరని నెమ్మదిగా పంపుతాయి, అప్పుడు కావాల్సింది వేగం. ఇన్నాళ్లూ మనం తిట్టిన పంచదారే ఆ పూటకి మందు. స్పృహ సరిగా లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆవిడకి కిడ్నీ సమస్య కూడా ఉంటే చిలగడదుంప, ఖర్జూరం రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ కాబట్టి అదీ అడగండి.

పాప విషయం. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా నాకించకండి, పెద్దవాళ్లు ఎంత ముచ్చటపడినా సరే. పసిపిల్లల పేగుల్లో అది బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే అవకాశం ఉంది. బెల్లం, పంచదార కూడా ఇప్పుడే అక్కర్లేదు. దుంప మెదిపినప్పుడు, ఖర్జూరం, పాలు కలపకముందే రెండు చెంచాలు పక్కకి తీసి పెట్టండి. దాని పాయసం అదే. మఖానా, బాదం పలుకులు గొంతుకి అడ్డం పడతాయి, దగ్గరికి రానివ్వొద్దు.

ఏకాదశి రోజు మీ ఇంట్లో పాలు కూడా తీసుకోరంటే కొబ్బరిపాలతో చేసుకోవచ్చు. రెండోసారి తీసిన పలచటి పాలల్లో దుంప ఉడకనిచ్చి, మొదటి చిక్కటి పాలు స్టవ్ కట్టేశాక పోయండి, మరిగిస్తే నూనె తేలుతుంది. రుచికి ఇదే బాగుంటుందని నా అభిప్రాయం. కానీ పాలకున్న మాంసకృత్తులు దీనికి ఉండవు, కొవ్వు ఎక్కువ. పండు మాత్రమే తినే పద్ధతి ఉంటే ఇదంతా వదిలేసి ఒక జామకాయ కోసి పెట్టండి. ఫలహారం అనే మాటకి అర్థం పండ్ల ఆహారమనే. మన ఇళ్లలో అది ఎప్పుడో నేతి ఉప్మా, నాలుగు పూరీలు అయిపోయింది. శనివారం ఒంటిపూట అని చెప్పి సాయంత్రం పెసరట్టు ఉప్మా లాగించే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. తొలి ఏకాదశికి మనం తినే పేలపిండి చూడండి, జొన్నపేలాలు, బెల్లం! ధాన్యం వద్దన్న రోజున ధాన్యమే ప్రసాదం. ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కో రకం. మీ అత్తయ్య దేనికి సరేనంటే అదే మీ ఇంటి నియమం, ఫోన్‌లో చెప్పేవాళ్లని అడగక్కర్లేదు.

ఇక ఆ రెండో గిన్నె. ఆవిడని వద్దని మీరు చెప్పలేరని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. కోడలు నోటి దగ్గరి గిన్నె లాక్కుందనే మాట మీకెందుకు? పాయసం గిన్నెలు మార్చేయండి. పెరుగుకి వాడే చిన్న స్టీలు కప్పులు ఉంటాయి కదా, నిండా పోస్తే 150 మిల్లీలీటర్లు పట్టేవి, వాటిల్లో అందరికీ ఒకేలా పోయండి. నాలుగు కప్పులు నిండాక తపేలాలో ఏమీ మిగలకుండా చూసుకోండి. గీకి తినడానికి మీ వారికి గరిట ఇచ్చేయండి.